పిళ్ళైచావడి: ఇసుక ఆగిపోయిన తీరం కథ

ముందు నా తప్పుతో మొదలుపెడతాను. ఒక టెస్ట్ సిరీస్‌లో తూర్పు తీరంలో తీరకోతకు కారణాలు చర్చించమని ప్రశ్న వచ్చింది. వాతావరణ మార్పు, సముద్ర మట్టం పెరగడం, తుపానులు అని మూడు పాయింట్లు రాసి, పక్కన నీటుగా ఒక మ్యాప్ గీసి ఇచ్చాను. పదిహేనుకు నాలుగు మార్కులు వచ్చాయి. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో రెండే మాటలు: "ఇసుక ఏది?" మొదట కోపం వచ్చింది. ఆ ప్రశ్న వెనకాల పడి చదువుతూ పోతే చివరికి పుదుచ్చేరికి ఉత్తరాన ఉన్న ఒక చిన్న మత్స్యకార గ్రామం దగ్గర తేలాను. ఆ ఊరి పేరు పిళ్ళైచావడి. ఈ వ్యాసం దాని గురించే. జీఎస్-1 భూగోళం, ఆధునిక చరిత్ర, జీఎస్-3 పర్యావరణం, విపత్తు నిర్వహణ ఈ ఒక్క ఊళ్ళోనే కలుస్తాయి. కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ముందు ఊరు ఎక్కడుందో చూద్దాం. పుదుచ్చేరి పట్టణం నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చెన్నై వైపు వెళ్తే కాలాపట్టు దగ్గర పాండిచ్చేరి విశ్వవిద్యాలయం వస్తుంది. దానికి కాస్త ముందే సముద్రం వైపున ఉంటుంది పిళ్ళైచావడి. చావడి అంటే మనకు కొత్త పదం కాదు. పది మంది కూర్చునే చోటు, బాటసారులు ఆగే చోటు. తమిళంలోనూ దాదాపు అదే అర్థం. ఈ దారిలోనే చిన్న ముదలియార్‌చావడి, పెరియ ముదలియార్‌చావడి కూడా ఉన్నాయి. పేర్లను బట్టి చూస్తే ఒకప్పుడు ఇది నడకదారి, ఆగి సేదతీరే దారి అనిపిస్తుంది.

ఒక్క విషయం మాత్రం మ్యాప్‌లో తప్పకుండా గమనించండి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం ఒకే ముక్క కాదు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, మన యానాం అన్నీ దూరదూరంగా ఉన్నాయని ప్రిలిమ్స్‌కు చదివే ఉంటారు. అసలు పుదుచ్చేరి ప్రాంతమే తమిళనాడు మధ్యలో ముక్కలుముక్కలుగా ఉంటుందన్నది చాలామంది చూడరు. పట్టణం దాటి ఉత్తరానికి వెళ్తే కోట్టకుప్పం తమిళనాడుది. తంద్రాయన్‌కుప్పం, బొమ్మయార్‌పాళెం కూడా తమిళనాడు విళుప్పురం జిల్లావే. ఆ తర్వాత వచ్చే పిళ్ళైచావడి, కాలాపట్టు మళ్ళీ పుదుచ్చేరివి. ఈ గీతలు ఫ్రెంచి వాళ్ళ కాలం నాటివి. సముద్రానికి వాటితో పనిలేదు. ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

ఓడరేవు లేని రేవు పట్టణం

ఫ్రెంచి వాళ్ళు 1674లో ఇక్కడ స్థిరపడ్డారు. ఫ్రాన్స్వా మార్టిన్ ఈ పట్టణానికి పునాది వేశాడు. 1693లో డచ్చి వాళ్ళు పట్టుకున్నారు, 1699లో తిరిగి ఇచ్చారు. డూప్లే, కర్ణాటక యుద్ధాలు, 1761లో ఐర్ కూట్ చేతిలో పతనం, ఇవన్నీ మీకు కంఠతా వచ్చినవే. కానీ మనం చదివే పుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. ఇంత పెద్ద వర్తక రాజధానికి ఓడలు ఆగే హార్బర్ లేదు.

కోరమాండల్ తీరమంతా ఇంతే. నేరుగా, బల్లపరుపుగా, ఇసుకతో ఉండే తీరం. ఓడలు ఒడ్డుకు దూరంగా, లోతు నీళ్ళలో లంగరు వేసుకునేవి. అక్కడి నుంచి సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకు చేర్చేవి మసూలా పడవలు. చెక్క పలకలను మేకులతో కాకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి చేసే పడవలవి. మేకులతో బిగించిన యూరప్ పడవ ఈ అలల దెబ్బకు విరిగిపోయేది. కుట్టిన పడవ మాత్రం వంగి, సాగి, అలను తట్టుకుని ఒడ్డు చేరేది. చిన్న మూటలకు, ఉత్తరాలకు తెప్పలు. అంటే ఫ్రెంచి కంపెనీ అయినా, మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ అయినా, తమ వర్తకమంతా చివరి మైలులో ఈ తీరపు పడవవాళ్ళ నైపుణ్యం మీదే నడిపించుకున్నాయి. వలస వర్తకం మీద ప్రశ్న వస్తే దుబాసీల గురించి అందరూ రాస్తారు. పడవవాళ్ళ గురించి ఒక వాక్యం రాసి చూడండి, జవాబు వేరుగా కనిపిస్తుంది.

దుబాసీ అన్నాను కాబట్టి ఒక పక్కమాట. డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్ళై 1736 నుంచి 1761 దాకా తమిళంలో రాసిన దినచర్య ఆ కాలానికి గొప్ప ఆధారం. ఏ ఓడ వచ్చింది, ఏది వెళ్ళింది అన్న వివరాలు అందులో విస్తారంగా ఉంటాయి. కస్తూరి రంగకవి 'ఆనందరంగ రాట్ఛందము' అనే తెలుగు ఛందోగ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పుదుచ్చేరి అంటే మనకు యానాం ఒక్కటే గుర్తొస్తుంది గానీ, ఆ పట్టణంలో తెలుగుకు పాత చోటే ఉంది. పిళ్ళైచావడికీ ఈ పిళ్ళైగారికీ సంబంధం ఉందని మాత్రం నేను అనడం లేదు. పేరు కలిసింది కదా అని పరీక్షలో రాసేయకండి.

హార్బర్ లేకపోవడం వల్ల ఎంత నష్టమో కూడా చరిత్రలో ఉంది. 1746లో మద్రాసును పట్టుకున్న లా బూర్దొనే నౌకలను కొద్ది వారాల్లోనే తుపాను చెల్లాచెదురు చేసింది. 1761 జనవరి 1న పుదుచ్చేరి ముందు కాపు కాసిన బ్రిటిష్ నౌకల మీదా తుపాను విరుచుకుపడింది, కొన్ని మునిగిపోయాయి. కాబట్టి ఓడలకు రక్షణ కావాలనుకోవడం తప్పేం కాదు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వాళ్ళు ఇనుప స్తంభాల మీద సముద్రంలోకి ఒక పియర్ కట్టారు. 1952 తుపానులో అది పోయింది. తర్వాత మరొకటి కట్టారు. ఇక్కడ ఒక సాంకేతిక విషయం పట్టుకోండి. పియర్ స్తంభాల మీద నిలబడుతుంది. కింద నీరు పోతుంది, నీటితో ఇసుకా పోతుంది. అందుకే పియర్ ఉన్నన్నాళ్ళూ బీచ్ ఉంది.

ఇసుక నడిచే తీరం

ఇప్పుడు "ఇసుక ఏది?" అన్న ప్రశ్నకు వద్దాం. తీరం దగ్గర అల నిట్టనిలువుగా రాదు, కాస్త ఏటవాలుగా వచ్చి తాకుతుంది. తాకిన ప్రతిసారీ ఇసుకను కొంచెం పక్కకు జరుపుతుంది. దీన్నే లిట్టోరల్ డ్రిఫ్ట్ అంటారు. తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి తోస్తాయి. ఉత్తరానికి తోసే నెలలే ఎక్కువ కాబట్టి ఏడాది లెక్క చూస్తే లక్షల ఘనపు మీటర్ల ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంది. మనం బీచ్ అని పిలిచేది నిజానికి ఒక చోట ఉండే వస్తువు కాదు. పోయినంత వస్తూ ఉంటేనే అది ఉన్నట్టు కనిపిస్తుంది. బ్యాంకు ఖాతా లాంటిదే. వచ్చే జీతం ఆగిపోయి, ఖర్చు మాత్రం అలాగే నడిస్తే ఏమవుతుందో మనలాంటి ఉద్యోగం లేని వాళ్ళకు వేరే చెప్పాలా!

ఈ ఇసుకకు అడ్డంగా సముద్రంలోకి రాతి కట్ట కడితే? దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు కోత మొదలవుతుంది. ఇది సిద్ధాంతం కాదు, మద్రాసులో కళ్ళారా చూసిందే. అక్కడ హార్బర్ పనులు 1870ల మధ్యలో మొదలయ్యాయి. 1881 తుపాను కట్టిన గోడలను దెబ్బతీసినా మళ్ళీ కట్టారు. దక్షిణాన ఇసుక చేరి చేరి బీచ్ వెడల్పైంది. గవర్నర్ గ్రాంట్ డఫ్ 1884లో అక్కడ విహార మార్గం వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. మనం సెల్ఫీలు దిగే మెరీనా వెడల్పులో పెద్ద భాగం ఆ గోడ పుణ్యమే. అదే గోడకు ఉత్తరాన ఉన్న రాయపురం వైపు సముద్రం లోపలికి వచ్చింది, ఇళ్ళూ వీధులూ పోయాయి. ఒకే నిర్మాణం ఒక వైపు పార్కు ఇచ్చింది, ఇంకోవైపు ఊరు తీసుకుంది. ఏ వైపు ఎవరు ఉన్నారో చూడండి.

మన విశాఖపట్నం ఇంకో ఉదాహరణ. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. ఇసుక సమస్యను అక్కడ ముందే ఆలోచించారు. జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుగా వాడారు. దక్షిణాన ఇసుక పడేచోటు ఏర్పాటు చేసి, అక్కడి ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఉత్తరానికి, తీరానికి పోసే పద్ధతి పెట్టారు. ఆర్కే బీచ్ కోత పూర్తిగా ఆగిందని కాదు, ఇప్పటికీ ఏటా పేపర్లో వార్త చూస్తూనే ఉంటాం. కానీ ఇసుకను దాటించాలి అన్న మాట అక్కడ తొలి నుంచీ లెక్కలో ఉంది.

అంటే 1980లలో పుదుచ్చేరి హార్బర్ కట్టే నాటికి మద్రాసు పాఠానికి వందేళ్ళు. విశాఖ పాఠానికి యాభై ఏళ్ళు.

1986-89

పట్టణానికి దక్షిణాన అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోటును హార్బర్‌కు ఎంచుకున్నారు. ఈ నది పేరు మీకు ఇంకో పాఠంలో తగిలే ఉంటుంది. దీని ఒడ్డునే అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపిన చోటు, రోమన్ ఆంఫొరాలు, అరెటైన్ మట్టిపాత్రలు దొరికిన చోటు, పెరిప్లస్‌లోని పొదుకె ఇదేనని పండితులు గుర్తించిన చోటు. రెండు వేల ఏళ్ళ క్రితం వర్తకులు కూడా ఈ నదీముఖం అండనే చూసుకున్నారన్నమాట. వాళ్ళు సముద్రంలోకి గోడలు కట్టలేదు.

1986 నుంచి 1989 వరకు నదీముఖానికి రెండు వైపులా బ్రేక్‌వాటర్లు కట్టారు. దక్షిణాన ఆగిన ఇసుకను తోడి ఉత్తరానికి పంపే ఏర్పాటు ప్రణాళికలో ఉంది. అది అనుకున్నట్టు నడవలేదు. అంతే. ఈ వ్యాసం మొత్తంలో ముఖ్యమైన వాక్యం ఏదంటే అదే. సాంకేతిక జ్ఞానం లేక కాదు, కాగితం మీద లేక కాదు. కట్టడానికి ఒకసారి డబ్బు ఇస్తే చాలు. ఇసుక తోడటానికి ప్రతి ఏటా ఇవ్వాలి. ప్రారంభోత్సవానికి రిబ్బన్ ఉంటుంది, పూడిక తీయడానికి ఉండదు.

కొన్నేళ్ళలోనే పట్టణం ముందున్న బీచ్ మాయమైంది. గాంధీ విగ్రహం ఉన్న గుబేర్ అవెన్యూను కాపాడటానికి రాళ్ళు పోశారు. పట్టణం నిలిచింది, కానీ నల్లరాళ్ళ గోడకు ఇసుక పుట్టదు. పైగా అల రాతిని కొట్టి వెనక్కి మళ్ళినప్పుడు గోడ పాదం దగ్గరున్న ఇసుకను కూడా లాక్కుపోతుంది. దాంతో కోత కురుచికుప్పం, వైత్తికుప్పం, సోలైనగర్ మీదకు జరిగింది. అక్కడా రాళ్ళు పడ్డాయి. తర్వాత సరిహద్దు దాటి తమిళనాడు గ్రామాలకు వెళ్ళింది. అక్కడి ప్రభుత్వం తన వాళ్ళ కోసం గ్రోయిన్లు, అంటే సముద్రంలోకి అడ్డంగా రాతి కట్టలు వేసింది. కోత ఇంకొంచెం ఉత్తరానికి కదిలి బొమ్మయార్‌పాళెం చేరింది. ఆ పక్కది పిళ్ళైచావడి, మళ్ళీ పుదుచ్చేరి భూమి. సొంత ప్రభుత్వం దక్షిణాన మొదలుపెట్టిన కోత, పొరుగు రాష్ట్రం చుట్టి, తిరిగి సొంత పౌరుల గుమ్మం దగ్గరికే వచ్చింది. ఫెడరలిజం మీద ఇంతకంటే చేతికందే కేస్ స్టడీ నాకు దొరకలేదు.

ఒడ్డు అంటే ఏమిటి?

మనలో చాలామందికి బీచ్ అంటే సెలవు రోజు. ఎండ, కొబ్బరిచెట్లు, కాఫీ షాపు. పుదుచ్చేరి టూరిజం కూడా ఆ బొమ్మ మీదే నడుస్తుంది. దక్షిణాన చిన్న వీరాంపట్టణంలోని ఈడెన్ బీచ్‌కు 2021లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. మన రుషికొండకు 2020లో వచ్చింది. ప్రిలిమ్స్‌కు పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మత్స్యకారుడికి మాత్రం ఒడ్డు అంటే పనిచోటు. పడవను లాగి పెట్టేది అక్కడ. వల ఆరేసేది, చిరుగులు కుట్టేది అక్కడ. వేటలో పడిన చేప పాట పాడి అమ్ముడయ్యేది అక్కడ. ఆడవాళ్ళు నెత్తళ్ళు ఎండబెట్టేది ఆ ఇసుక మీదే. అలివి వల లాగాలంటే రెండు వైపులా మనుషులు వరసగా నిలబడేంత ఒడ్డు కావాలి. ఒడ్డు పోతే ఆ వల పోతుంది, ఆ వలతో బతికే పది కుటుంబాల వాటా పోతుంది. రాతి గోడ ఇంటిని కాపాడుతుందేమో కానీ, దాని మీదకు పడవ ఎక్కదు. ఫైబర్ పడవ అడుగు రాయికి తగిలితే ఆ రోజు వేట ఖర్చు కాదు, పడవ ఖర్చే మీద పడుతుంది. అప్పుడు పడవను దూరంగా హార్బర్‌లో పెట్టుకోవాలి. రానుపోను డబ్బు, సమయం. ఏ హార్బర్ వల్ల ఒడ్డు పోయిందో చివరికి అక్కడికే వెళ్ళి చోటు అడగాలి.

అందుకే పిళ్ళైచావడి లాంటి ఊళ్ళు 'తూండిల్ వళైవు' కావాలని అడుగుతాయి. గాలపు ముల్లులా వంపు తిరిగిన రాతి కట్ట అది. లోపలి వైపు కాస్త ఇసుక నిలుస్తుంది, పడవ దిగడానికి వీలవుతుంది. పర్యావరణవేత్తలేమో వద్దంటారు, ఇంకో రాతి కట్ట వేస్తే ఇంకో ఊరు పోతుందని. ఇద్దరి మాటా నిజమే. జవాబు రాసేటప్పుడు మనం తొందరపడి మత్స్యకారులకు అవగాహన లేదని రాసేస్తాం. ఒకసారి ఆలోచించండి. పట్టణానికి రాయి పడింది, పక్క ఊరికి పడింది, దాని పక్క ఊరికీ పడింది. వరసలో చివర నిలబడ్డవాడికి మాత్రం శాస్త్రం చెప్పి ఆగమంటున్నాం. ఇల్లు వాడిది. 2022 డిసెంబరు 9 రాత్రి మాండౌస్ తుపాను మామల్లపురం దగ్గర తీరం దాటినప్పుడు ఈ తీరంలో ఇళ్ళు సముద్రంలోకి కూలాయి. ఇలాంటి ప్రతిసారీ జనం ఈసీఆర్ మీదకు వచ్చి కూర్చుంటారు. మరి ఎక్కడ కూర్చోవాలి?

చట్టం ఏం చెబుతోంది

1981లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాలకు రాసిన లేఖ, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1991లో మొదటి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్, తర్వాత 2011, 2019. ఈ క్రమం మీకు తెలిసిందే. 2019 నోటిఫికేషన్‌లో గ్రామీణ తీరాన్ని రెండుగా విడదీశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి ఉంటే సీఆర్‌జెడ్-3ఏ, అక్కడ పోటురేఖ నుంచి 50 మీటర్లు నిర్మాణ నిషేధం. తక్కువ ఉంటే 3బీ, అక్కడ 200 మీటర్లు.

ఇక్కడ ఏ నోట్స్‌లోనూ నాకు కనబడని చిక్కు ఒకటుంది. ఈ దూరాలన్నీ పోటురేఖ నుంచి కొలుస్తారు. పోటురేఖే ప్రతి ఏటా లోపలికి వస్తుంటే? ఇల్లు కదలదు, కానీ చట్టం దృష్టిలో దాని చోటు మారిపోతుంది. నిన్న నిషేధ రేఖ బయట ఉన్న ఇల్లు ఇవాళ లోపల ఉంటుంది. మరమ్మతుకు అనుమతి, అప్పు, పట్టా అన్నీ చిక్కులో పడతాయి. వెనక్కి జరగమంటే వెనకాల ఈసీఆర్, దాన్ని ఆనుకుని ధర పెరిగిన భూములు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి 200 మీటర్లలోపు వాళ్ళు లోపలికి వెళ్తే ఇల్లు కట్టిస్తామంది. చాలామంది మత్స్యకారులు అనుమానించారు. మేం ఖాళీ చేస్తే ఆ ఇసుక మీద రిసార్టు రాదని ఏమిటి నమ్మకం అన్నది వాళ్ళ ప్రశ్న. 2018లో కొత్త సీఆర్‌జెడ్ ముసాయిదా వచ్చినప్పుడు మత్స్యకార సంఘాలు వ్యతిరేకించింది కూడా ఈ భయంతోనే.

గణాంకం ఒకటి రాసుకోండి. జాతీయ తీర పరిశోధన కేంద్రం 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1990-2016 మధ్య దేశ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురైంది. పశ్చిమ బెంగాల్ 63 శాతంతో మొదటిది, పుదుచ్చేరి 57 శాతంతో రెండోది. అదే కాలంలో పావు వంతుకు పైగా తీరం మేట కూడా వేసింది. సముద్ర మట్టం పెరగడం ఒక్కటే కారణమైతే అంతటా కోతే కనిపించాలి కదా? నా నాలుగు మార్కుల జవాబులో లేనిది ఇదే. వాతావరణ మార్పు లేదని కాదు, తుపానుల దెబ్బ అది పెంచుతుంది. కానీ ఆ దెబ్బ కాచుకునే ఇసుకను ముందే మనం ఆపేశాం. మన ఉప్పాడ గురించి రాసినా హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరగడం, గోదావరి మీద ఆనకట్టల వెనుక ఆగిన ఒండ్రు, అలలకు నిలవలేకపోయిన జియోట్యూబ్ గోడ, ఇవి లేకుండా జవాబు పూర్తి కాదు.

పరిష్కారం వైపు ఒక ప్రయత్నం పుదుచ్చేరిలోనే జరిగింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, మనం ఎన్‌ఐఓటీ అని చదివేది, 2018లో ప్రధాన సచివాలయం ఎదుట సముద్రంలో నీటి అడుగున ఉక్కుతో చేసిన ఒక రీఫ్ దించింది. హార్బర్ ముఖంలో తోడిన ఇసుకను తీరానికి పోశారు. గాంధీ విగ్రహం దగ్గర కొంత మేర మళ్ళీ ఇసుక కనిపించింది. పిల్లలు ఆ ఇసుకలో ఆడుకుంటున్న ఫోటోలు చూసే ఉంటారు. ఇరవై ఏళ్ళకు పైగా రాళ్ళే చూసిన పట్టణానికి అది పండగ.

అయితే ఆ రీఫ్ ఉన్నది పట్టణం ముందు, పర్యాటకులు నడిచే చోట. అక్కడి నుంచి పిళ్ళైచావడికి మధ్యలో ఎన్ని రాతి కట్టలున్నాయో ఉపగ్రహ చిత్రంలో లెక్కపెట్టండి. హార్బర్ దగ్గర మొదలుపెట్టి ఉత్తరానికి రండి, ప్రతి కట్ట దగ్గర ఏ వైపు ఇసుక తెల్లగా ఉందో, ఏ వైపు నీరు ఇళ్ళకు దగ్గరగా ఉందో చూడండి. పాత చిత్రాలు కూడా తిప్పి చూసే వీలుంది. పిళ్ళైచావడి దాటాక పెరియకాలాపట్టు, చిన్నకాలాపట్టు, కనకచెట్టికుళం వస్తాయి. వాటి ముందు ఒడ్డు ఇప్పుడెంత వెడల్పుందో కొలిచి తేదీతో సహా మీ నోట్స్‌లో రాసుకోండి. ఐదేళ్ళ తర్వాత ఆ పేజీ మళ్ళీ తెరవాలి.